బస్తాలోకి ఎక్కని లవణం

ఈ సంవాదంలో ఉన్నది ఇద్దరే. ఒకరు జిల్లాపరిషత్ హైస్కూల్లో ఏళ్ల తరబడి ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు ఫాస్ఫేట్ ఎరువుల కర్మాగారంలో లాబ్ చూస్తున్న శిష్యురాలు. తగవు ఆమె కొడుకు పదో తరగతి నోటుబుక్కులోని ఒకే ఒక్క సమీకరణం మీద. ఆమ్లమూ క్షారమూ కలిస్తే ఏమొస్తుందో ముందే చెప్పడం, చెప్పినదాన్ని తుల్యం చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది. అందులో ఎంత రసాయన శాస్త్రం దాగి ఉందో ఈ తగవు బయటికి లాగుతుంది. నా మొగ్గు శిష్యురాలి వైపు. అయితే మాస్టారి మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి. వాటిని తగ్గించకుండా రాశాను.

శిష్యురాలు: మాస్టారూ, ఇది చూడండి. ‘ఫాస్ఫారిక్ ఆమ్లం + 3 అమ్మోనియం హైడ్రాక్సైడ్ → అమ్మోనియం ఫాస్ఫేట్ + 3 నీరు.’ మావాడు రాశాడు, వాళ్ల సారు ఎర్రసిరాతో రైటు కొట్టారు. ఈ ఆమ్లంలోకి అమ్మోనియా వెళ్లడం నేను రోజూ చూస్తాను. మూడు అమ్మోనియంలున్న ఈ లవణం ఒక్క బస్తాలోకి ఎక్కడం మాత్రం ఇంతవరకూ చూడలేదు.

మాస్టారు: ముందు లెక్క చూద్దాం. నత్రజని ఎడమన 3, కుడిన 3. ఫాస్ఫరస్ 1కి 1. ఆక్సిజన్ 7కి 7. హైడ్రోజన్ 18కి 18. తుల్యమైందా లేదా?

శిష్యురాలు: అయింది. తుల్యమైందంటే పరమాణువులు ఎక్కడికీ పోలేదని మాత్రమే కదండీ. ఆ చర్య జరుగుతుందని ఎవరు పూచీ? ‘రాగి + 2 హైడ్రోక్లోరిక్ ఆమ్లం → కాపర్ క్లోరైడ్ + హైడ్రోజన్’ కూడా చక్కగా తుల్యమవుతుంది. రాగి ముక్కని ఆ ఆమ్లంలో వేసి సాయంత్రం దాకా కూర్చున్నా ఒక్క బుడగ రాదు.

మాస్టారు: రాగి సంగతి వేరమ్మా, అక్కడ క్రియాశీలత శ్రేణి చూసుకోవాలి. తటస్థీకరణానికి నమ్మకమైన దారి ఉంది. ఆమ్లంలోంచి హైడ్రోజన్ తియ్యి, క్షారంలోంచి హైడ్రాక్సైడ్ తియ్యి, ఆ రెంటినీ నీరుగా కట్టెయ్యి. మిగిలిన ఇద్దరినీ ఆవేశాలు రద్దయ్యేటట్టు జతచెయ్యి. అది లవణం. ఈ నాలుగు మాటలతో ఎన్ని బ్యాచిల పిల్లల్ని గట్టెక్కించానో నీకు తెలుసు.

శిష్యురాలు: ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను. పద్ధతిని కాదనట్లేదు.

మాస్టారు: కాదంటున్నట్టే ఉంది. అసలు కుర్రాడు ఎక్కడ తడబడతాడో నీకు గుర్తుందా? కాల్షియం హైడ్రాక్సైడ్‌కీ ఫాస్ఫారిక్ ఆమ్లానికీ సమీకరణం రాయమంటాను. కాల్షియం పక్కన ఫాస్ఫేట్ పెట్టేసి, ఒకటికి ఒకటి అనుకుంటాడు. కాల్షియంకి రెండు ధనావేశాలు, ఫాస్ఫేట్‌కి మూడు రుణావేశాలు. రెండుకీ మూడుకీ కలిసొచ్చేది ఆరు. అంటే కాల్షియంలు మూడు, ఫాస్ఫేట్లు రెండు. ఫార్ములా అక్కడ స్థిరపడిపోవాలి, ఇక దాన్ని తాకకూడదు. అప్పుడు ముందు అంకెలు: 3 కాల్షియం హైడ్రాక్సైడ్‌లో హైడ్రాక్సైడ్లు ఆరు, 2 ఫాస్ఫారిక్ ఆమ్లంలో హైడ్రోజన్లు ఆరు, కాబట్టి నీరు ఆరు. హైడ్రోజన్నీ హైడ్రాక్సైడ్‌నీ సమం చేస్తే మిగతాదంతా దానంతటదే తేలిపోతుంది. ఆక్సిజన్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టే అవస్థ ఉండదు. ఫాస్ఫేట్‌ని ముక్కలు చేయకుండా ఒకే మూటగా ఎంచుకోవాలి.

శిష్యురాలు: కింద అంకె మార్చకండర్రా అని బెత్తంతో బల్లమీద కొట్టేవారు.

మాస్టారు: మరి కొట్టనా? సోడియం హైడ్రాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇచ్చాననుకో. ఆక్సిజన్ ఒకటి తగ్గిందని నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద 2 పెట్టేస్తాడు. అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్! కింద అంకె మారితే పదార్థమే మారిపోతుంది; ముందు అంకె మారితే అదే పదార్థం ఎంతుందన్నదే మారుతుంది. ఈ తేడా పట్టుబడితే కుర్రాడికి సగం కెమిస్ట్రీ వచ్చినట్టే. నువ్వు బస్తాల గొడవ తెచ్చి ఆ సగాన్నీ కదిపేస్తున్నావు.

శిష్యురాలు: నేను కదుపుతున్నది ఇంకోచోట మాస్టారూ. ‘ఆమ్లంలోంచి హైడ్రోజన్ తియ్యి’ అన్నారు. ఎన్ని తియ్యాలి? ఎసిటిక్ ఆమ్లంలో హైడ్రోజన్లు నాలుగు, ఊడేది ఒకటే.

మాస్టారు: అందుకేగా ఆ ఒక్కదాన్నీ విడిగా చివర రాస్తాం.

శిష్యురాలు: ఫాస్ఫరస్ ఆమ్లంలో మూడూ ముందే రాస్తాం: హెచ్‌త్రీ పీఓత్రీ. సోడియం హైడ్రాక్సైడ్ ఎంత గుమ్మరించినా రెండే ఊడతాయి. మూడోది ఆక్సిజన్‌కి కాకుండా నేరుగా ఫాస్ఫరస్‌కే అతుక్కుని ఉంటుంది. హైపోఫాస్ఫరస్ ఆమ్లంలోనూ మూడు హైడ్రోజన్లే, ఊడేది ఒకటి. ఫార్ములాలో హైడ్రోజన్లు లెక్కపెట్టుకుని జవాబు రాసే పిల్లవాడు రెండుచోట్లా తప్పుతాడు. అదీ తుల్యమైన సమీకరణంతోనే తప్పుతాడు!

మాస్టారు: అది ఇంటర్మీడియట్ పాఠం. పదో తరగతి వాడి ముందు ఫాస్ఫరస్ ఆమ్లం ఎవరు పెట్టమన్నారు?

శిష్యురాలు: సరే, పెట్టొద్దు. వాడి నోటుబుక్కులో ఉన్న ఫాస్ఫారిక్ ఆమ్లమే తీసుకుందాం. అందులో మూడు హైడ్రోజన్లూ ఆక్సిజన్ల మీదే ఉన్నాయి, మూడూ ఊడగలిగినవే. పిపెట్‌తో 10 మిల్లీలీటర్ల ఆమ్లం శంఖాకార కుప్పెలో పోసి, అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ బ్యూరెట్‌లోంచి వదలండి. మిథైల్ ఆరెంజ్ వేస్తే 10 మిల్లీలీటర్ల దగ్గర ఎరుపు పోయి పసుపొస్తుంది. మళ్లీ అంతే ఆమ్లం తీసుకుని ఫినాఫ్తలీన్ వేస్తే 20 దగ్గర గులాబీ రంగు తిరుగుతుంది. మీ సమీకరణం ప్రకారం అయిపోవాల్సింది 30 దగ్గర. అక్కడ ఏ సూచికా ఏమీ చెప్పదు. ఒకటే ఆమ్లం, ఒకటే క్షారం. వరసగా మూడు లవణాలు. ఏది వచ్చిందో ఆమ్లం పేరూ క్షారం పేరూ చూసి ఎవరూ చెప్పలేరు. ఎంత పోశావని అడగాలి.

మాస్టారు: 30 దగ్గర రంగు మారనంత మాత్రాన ట్రైసోడియం ఫాస్ఫేట్ లేదంటావా? మార్కెట్లో దొరుకుతుంది. నేల కడిగే పొడుల్లో వాడతారు.

శిష్యురాలు: ఉంది, ఒప్పుకుంటాను. సోడియం హైడ్రాక్సైడ్ బలమైన క్షారం కాబట్టి మూడోదాన్నీ లాగుతుంది. ఆ లవణాన్ని నీటిలో కరిగించి పీహెచ్ చూస్తే 12 చుట్టూ ఉంటుంది. ‘పూర్తి తటస్థీకరణం’ అని మనం పిలిచేదాని ఫలితం చేతిని మండించేంత క్షారం.

మాస్టారు: అంటే సోడియం విషయంలో నా సమీకరణం నిలబడిందన్నమాట.

శిష్యురాలు: నిలబడింది. అమ్మోనియా దగ్గర నిలబడదు.

మాస్టారు: ఎందుకు నిలబడదు? మూడు అమ్మోనియంలున్న లవణంలో నత్రజని 28 శాతం ఉంటుంది. డై అమ్మోనియం ఫాస్ఫేట్, అదే మీ డీఏపీ, బస్తా మీద రాసేది 18. మీవాళ్లు ఇంకాస్త అమ్మోనియా పోసి అదే అమ్మితే రైతుకి లాభమే కదా!

శిష్యురాలు: అమ్మొచ్చు, బస్తాలో ఉంటే. అమ్మోనియా బలహీనమైన క్షారం. ఫాస్ఫారిక్ ఆమ్లం తన మొదటి హైడ్రోజన్ని సులువుగానే ఇస్తుంది, రెండోది కాస్త బిగపట్టి ఇస్తుంది, మూడోదాన్ని గుప్పిట్లోంచి వదలదు. అంత గట్టి పట్టుని విడిపించే సత్తువ అమ్మోనియాకి లేదు. బలవంతాన ఎక్కించినా మూడో అమ్మోనియా గాలిలోకి లేచిపోతుంది. గోదాం నిండా ఘాటు, బస్తాలో మళ్లీ డై అమ్మోనియం ఫాస్ఫేటే. అందుకే కాకినాడలోనైనా విశాఖలోనైనా ఒడిశాలోని పారాదీప్‌లోనైనా రెండు దగ్గరే ఆగుతారు. ‘ఫాస్ఫారిక్ ఆమ్లం + 2 అమ్మోనియా → డై అమ్మోనియం ఫాస్ఫేట్.’ ఇంకోటి గమనించారా? ఇందులో నీరే లేదు.

మాస్టారు: అమ్మోనియం హైడ్రాక్సైడ్ అని రాసి ఉంటే నీరు వచ్చేది.

శిష్యురాలు: ఆ పేరున్న పదార్థాన్ని ఎవరూ సీసాలోకి విడిగా తీయలేదు మాస్టారూ. నీటిలో కరిగిన అమ్మోనియాకి మనం పెట్టుకున్న పేరది. మా ట్యాంకులోకి వెళ్లేది వాయువు. హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరీ అమ్మోనియా వాయువూ ఎదురుపడితే తెల్లటి పొగ లేస్తుందే, అదంతా అమ్మోనియం క్లోరైడే. చుక్క నీరు పుట్టదు. ‘ఆమ్లం + క్షారం → లవణం + నీరు’ అని గోడమీద పెద్దక్షరాలతో రాసిన బడిలో ఈ పొగని ఎలా వివరిస్తారు?

మాస్టారు: నీకు శాస్త్రం ఎక్కువైంది, చరిత్ర తక్కువైంది. రిక్టర్ ఎవరో చెప్పు చూద్దాం.

శిష్యురాలు: భూకంపాల రిక్టరా?

మాస్టారు: కాదు. జెరెమియాస్ బెంజమిన్ రిక్టర్, జర్మన్. స్టాయికియోమెట్రీ అనే మాట పుట్టించినవాడు. ఏ ఆమ్లం ఎంత బరువు ఉంటే ఏ క్షారం ఎంత బరువుతో తటస్థమవుతుందో తూచి తూచి చూశాడు. 1792లో ఆయన పుస్తకం రావడం మొదలైంది. రెండు తటస్థ లవణాల ద్రావణాలు కలిపితే అవి జతలు మార్చుకున్నా మిశ్రమం తటస్థంగానే ఉండటం గమనించి, ఇవి కలిసే పాళ్లు ఖాయమని తేల్చాడు. ఆయనకి అయాన్లు తెలియవు, పీహెచ్ తెలియదు. డాల్టన్ పరమాణు సిద్ధాంతం కూడా అప్పటికి లేదు. మనం రాసే ముందు అంకెలన్నిటికీ మూలం ఆ తక్కెడ. నియమం ముందొచ్చింది, కారణం వందేళ్ల తర్వాతొచ్చింది. శాస్త్రమే అలా నడిచినప్పుడు పిల్లవాడు అలా నడిస్తే తప్పేమిటి?

(ఈ సంవాదం మొత్తంలో మాస్టారి బలమైన వాదన ఇదేనని నా అభిప్రాయం. కారణం తెలిస్తే తప్ప నియమం చెప్పకూడదనే పట్టుదలతో పాఠం చెప్పేవాళ్లు దీనికి జవాబు వెతుక్కోవాలి.)

శిష్యురాలు: మీరు చెప్పినదాంట్లోనే నా జవాబుంది. ఆయన తూచాడు. మావాడు తూచడం లేదు. వాడి చేతికి తక్కెడ ఇవ్వలేదు, బ్యూరెట్ ఇవ్వలేదు; కాగితం మీద అంకెలే ఇచ్చారు. రిక్టర్‌కి అంకెల మీద మోజు ఉండేదా?

మాస్టారు: ఉండేది. రసాయన శాస్త్రంలో గణితం వాడకం మీదే 1789లో డాక్టరేట్ రాశాడు. క్షారాల తుల్యభారాలు అంకశ్రేఢిలో ఉంటాయనీ, ఆమ్లాలవి గుణశ్రేఢిలో ఉంటాయనీ నమ్మాడు.

శిష్యురాలు: ఉన్నాయా?

మాస్టారు: ...లేవు.

శిష్యురాలు: తూచినంతసేపూ నిజం పట్టుబడింది. అంకెల అందం వెంట పోయినప్పుడు తప్పాడు. నాకున్న భయమూ అదే. మీ వందేళ్ల తర్వాతి కారణం సంగతి కూడా చూద్దాం. ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు, ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 50 మిల్లీలీటర్లు థర్మోకోల్ గ్లాసులో కలిపితే థర్మామీటర్ 6, 7 డిగ్రీలు ఎక్కుతుంది. ఆమ్లాన్ని నత్రికామ్లంగా, క్షారాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌గా మార్చండి. అంతే ఎక్కుతుంది. మోల్‌కి సుమారు 57 కిలోజౌల్స్. లవణం మారినా వేడి మారలేదంటే ఆ వేడి లవణం వల్ల వచ్చింది కాదు. 1887లో అర్హీనియస్ అయాన్ల సిద్ధాంతం చెప్పాక ఇది అర్థమైంది: జరిగింది ఒక్కటే, హైడ్రోజన్ అయాన్, హైడ్రాక్సైడ్ అయాన్ కలిసి నీరు కావడం. సోడియం, క్లోరైడ్ అయాన్లు ముందెలా తిరుగుతున్నాయో తర్వాతా అలాగే తిరుగుతున్నాయి. ఉప్పు కావాలంటే నీరు మరగబెట్టాలి.

మాస్టారు: ఈ ప్రయోగం బాగుంది. ఖర్చు కూడా లేదు. దీన్ని నేను తరగతిలో చేయించి ఉండాల్సింది.

శిష్యురాలు: ఎసిటిక్ ఆమ్లంతో చేస్తే కాస్త తగ్గుతుంది, అమ్మోనియాతో ఇంకా తగ్గుతుంది, 52 దాకా. బలహీనులు అయాన్లుగా విడిపోవడానికే కొంత వేడి ఖర్చవుతుంది. ఎవరు బలహీనులో పిల్లవాడు థర్మామీటర్‌లోనే చూస్తాడు.

మాస్టారు: బాగుందన్నాను కదా. ఇప్పుడు నా మాట విను. ఇంట్లో అక్షరం ముక్క రానివాళ్ల పిల్లలు నా తరగతిలో కూర్చునేవాళ్లు. మొదటిరోజే ‘ఏమొస్తుందో చెప్పలేం, అది పరిస్థితుల్ని బట్టి ఉంటుంది’ అంటే పుస్తకం మూసేస్తారు. నియమం ఇస్తే వాడు ఒక సమీకరణం సొంతంగా రాస్తాడు. రాసి, తుల్యం చేసి, తలెత్తి నావైపు చూస్తాడు. ఆ చూపు కోసమే నేను అన్నేళ్లు చెప్పాను. నియమం తెలిసినవాడికే మినహాయింపు మినహాయింపుగా కనిపిస్తుంది. తెలియనివాడికి అంతా గందరగోళమే. నువ్వివాళ ఈ తప్పు పట్టగలిగావంటే నీ తలలో ఆ నియమం ఉండబట్టే.

శిష్యురాలు: అందుకే నియమం తీసెయ్యమనట్లేదు, ప్రశ్న మార్చమంటున్నాను. ‘ఫాస్ఫారిక్ ఆమ్లం + సోడియం హైడ్రాక్సైడ్ → ?’ అని అడగొద్దు. ‘ఒక మోల్ ఫాస్ఫారిక్ ఆమ్లంలో రెండు మోల్స్ సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే?’ అని అడగండి. మీ నియమంతోనే చేస్తాడు. హైడ్రాక్సైడ్లు రెండే ఉన్నాయి, రెండు హైడ్రోజన్లే తీస్తాడు, ఒకటి మిగులుతుంది. డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్, 2 నీరు. ‘పరిస్థితుల్ని బట్టి’ అని ఎక్కడా అనక్కర్లేదు.

మాస్టారు: నాలుగు మోల్స్ పోస్తే? కింద 4 రాసేస్తాడు.

శిష్యురాలు: రాయనివ్వండి. మూడు హైడ్రోజన్లే ఉంటే నాలుగో సోడియం ఎవరి చోట్లో కూర్చుందని అడగండి. ఒక మోల్ క్షారం చర్యలో పాల్గొనకుండా మిగిలిపోయిందని వాడే చెబుతాడు.

మాస్టారు: సరే, ఒకటిన్నర?

శిష్యురాలు: ఇది మా ఫ్యాక్టరీ ప్రశ్నే! మేం మొదటి ట్యాంకులో రెండు దాకా పోనివ్వం. ఒక మోల్ ఆమ్లానికి సుమారు 1.4 మోల్ అమ్మోనియా దగ్గర ఆపుతాం. ఆ పాళ్లలో లవణాలు బాగా కరిగి ఉంటాయి, ముద్ద గట్టిపడకుండా పంపుతో లాగొచ్చు. తటస్థీకరణపు వేడికి నూరు డిగ్రీలు దాటి మరుగుతూ నీరు ఆవిరైపోతుంది. ఆ తర్వాత తిరిగే డ్రమ్ములో గుళికలవుతున్నప్పుడు మిగతా అమ్మోనియా ఇచ్చి రెండుకి దగ్గరగా తెస్తాం. తప్పించుకున్న అమ్మోనియాని మళ్లీ ఫాస్ఫారిక్ ఆమ్లంతోనే కడిగి వెనక్కి పట్టుకుంటాం. ఇప్పుడు మీరు చెప్పండి, 1.4 దగ్గర ట్యాంకులో ఏముంది?

మాస్టారు: ఉండు, కాగితం ఇటివ్వు. పది మోల్స్ ఆమ్లానికి పద్నాలుగు అమ్మోనియా. ప్రతి ఆమ్లానికీ ముందు ఒకటి దక్కుతుంది, పది అయిపోయాయి. మిగిలిన నాలుగూ నాలుగింటికి రెండోసారి దక్కుతాయి. అంటే ఆరు మోనో, నాలుగు డై. సగానికి సగం చేస్తే... ‘5 ఫాస్ఫారిక్ ఆమ్లం + 7 అమ్మోనియా → 3 మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ + 2 డై అమ్మోనియం ఫాస్ఫేట్.’ నత్రజని 7కి మూడూ, రెండు రెళ్లు నాలుగూ, ఏడు. హైడ్రోజన్లు ఎడమన 36. కుడిన మూడార్లు పద్దెనిమిది, రెండు తొమ్మిదులు పద్దెనిమిది, 36. ఆక్సిజన్ 20కి 20. వచ్చింది!

శిష్యురాలు: ముందు అంకెల్ని మీరు వెతకలేదు చూశారా. ట్యాంకులో ఏం జరిగిందో ఊహించారు, అంకెలు వాటంతటవే వచ్చాయి.

మాస్టారు: చివర్లో లెక్క సరిచూశాను కూడా. అది మర్చిపోకు. ఊహ ఎంత బాగున్నా పరమాణువులు సరిపోకపోతే చెత్తబుట్టలోకే. అన్నట్టు, శుద్ధమైన డై అమ్మోనియం ఫాస్ఫేట్‌లో నత్రజని 21 శాతం రావాలే? బస్తా మీద 18 ఎందుకు?

శిష్యురాలు: మా ఆమ్లం రాతి ఫాస్ఫేట్ నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తీసింది. ఇనుము, అల్యూమినియం, మెగ్నీషియం లాంటివి దానితోపాటే వస్తాయి. లెక్క ప్రకారం భాస్వరం కూడా 54 శాతం దాకా ఉండాలి, ఉండేది 46. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. భాస్వరం అంటే ఇక్కడ పెంటాక్సైడ్ లెక్కన. ఇంకో మాట చెప్పనా, మీకు ఇష్టమైన కాల్షియం సమీకరణం గురించి?

మాస్టారు: దాన్నీ వదలవా?

శిష్యురాలు: మూడు కాల్షియం, రెండు ఫాస్ఫేట్, ఆరు హైడ్రోజన్లూ పోయాయి. వచ్చిన ఆ లవణం నీటిలో కరగదు. గనిలోంచి తెచ్చే రాయి కూడా దాని బంధువే. ఆ రాయిలోంచి ఆమ్లం తీయడానికే మేం అంత సల్ఫ్యూరిక్ ఆమ్లం ఖర్చు పెడతాం. మీ సమీకరణం మమ్మల్ని మళ్లీ రాయి దగ్గరికి తోలుకెళ్తుంది. అదే కాల్షియం హైడ్రాక్సైడ్ తక్కువ పోసి చూడండి: ‘2 ఫాస్ఫారిక్ ఆమ్లం + కాల్షియం హైడ్రాక్సైడ్ → మోనో కాల్షియం ఫాస్ఫేట్ + 2 నీరు.’ ఇది నీటిలో కరుగుతుంది, మొక్క వేరుకి అందుతుంది. సూపర్ ఫాస్ఫేట్‌లో ఉండే లవణం ఇదే. పోసిన సున్నం తేడాతో ఒకటి ఎరువు, ఇంకోటి రాయి.

మాస్టారు: ఈ రెండూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే పదో తరగతి వాడికి అర్థమవుతుంది. రైతు ఇంటి పిల్లవాడికైతే ఇంకా బాగా పడుతుంది. ఇది ఒప్పుకుంటాను. ప్రశ్నలో మోల్స్ ఇవ్వాలన్నదీ ఒప్పుకుంటాను. కానీ మూడో అమ్మోనియా గాలిలోకి లేచిపోతుందన్నది, ఎవరి పట్టు ఎంత గట్టిదన్నది పదిలో చెప్పను. అది ఇంటర్‌లోనే.

శిష్యురాలు: చెప్పకపోతే మానండి, అప్పుడు ఆ ఆమ్లంతో అమ్మోనియాని జతచేసి అడక్కండి. సోడియంతో అడగండి, పొటాషియంతో అడగండి. జరగని చర్యకి రైటు కొట్టొద్దంటున్నాను.

మాస్టారు: రాసినవాడి తప్పేముంది అందులో? అడిగినవాడిది. మార్కు తీయను.

శిష్యురాలు: తీయొద్దు. వాడిని ఓసారి మా లాబ్‌కి తీసుకొస్తాను, మీరూ రండి. బ్యూరెట్ వాడి చేతికిచ్చి 10 దగ్గరా 20 దగ్గరా రంగు చూపిద్దాం. 30 దాకా కూడా పోయమందాం.

మాస్టారు: థర్మోకోల్ గ్లాసులు నేను తెస్తాను. నత్రికామ్లం మాత్రం నువ్వే పలచన చెయ్యి, వాడి చేతికివ్వకు.